ట్రాక్టరు చక్రం కింద గేజి పుస్తకాలు

మా కాలవల ఆఫీసు మళ్లీ మారుతోందని పోయిన వారం దుర్గాభవాని ఫోను చేసింది. నేను రిటైరయ్యాక రికార్డు రూములోకి వచ్చిన అమ్మాయి. ఆవిడది డిగ్రీ, నాది ఏడో తరగతి. ఏడు కూడా రెండుసార్లు చదివాను. మూడోసారి చదువుతానంటే మేష్టారే దణ్ణం పెట్టి వద్దన్నారు. అయినా ఆ అమ్మాయి నన్ను బాబాయ్ గారూ అని పిలుస్తుంది. ఏ ఫైలు ఎక్కడుందో తెలియనప్పుడు ఇంకొంచెం గట్టిగా పిలుస్తుంది.

అద్దె భవనం ఖాళీ చేసి సొంత భవనంలోకి వెళ్తున్నారట. సామాను ఎక్కించే రోజు నేనొచ్చి ఆ ట్రాక్టరు కథ చెప్పాలట. కొత్తగా చేరిన నలుగురూ వినలేదట. వస్తాలేమ్మా అన్నాను. ఫోను పెట్టబోతూ ఇంకోటి అడిగింది.

"పాత గేజి పుస్తకాలు ఓ మూల గుట్టగా పడున్నాయండి బాబాయ్ గారూ. అవి కూడా తీసుకెళ్లాలా, పారెయ్యొచ్చా?"

సిగ్నలు అందనట్టు హలో హలో అని రెండుసార్లు అనేసి పెట్టేశాను. మాది గోడకి వైరున్న ఫోను.

ట్రాక్టరు కథ నేను కనీసం వందసార్లు చెప్పుంటాను. బదిలీ మీద వెళ్లే ప్రతి ఆఫీసరు టీ పార్టీలో చెప్పాను. నా రిటైర్మెంటు రోజు దండ మెళ్లో ఉండగానే చెప్పాను. ప్రతిసారీ సగమే చెప్పాను. మిగతా సగంలో ఒక మనిషి పర్మనెంటు ఉద్యోగం పోయింది. పోగొట్టింది నేను. నోటితో మొదలెడితే మళ్లీ నవ్వించేస్తాను, అది నా జబ్బు. అందుకని ఈసారి రాస్తున్నాను. ఆఫీసుల్లో కొత్తగా అటెండర్లుగా, రికార్డు అసిస్టెంట్లుగా చేరేవాళ్లు చదువుకుంటారని.

అటెండరు పనంటే

బెల్లు కొడితే లోపలికెళ్లడం, టీ తేవడం, ఫైలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మార్చడం. చేరినప్పుడు నేనూ ఇదే అనుకున్నాను. మా నాన్న కాలవల్లో పూడిక తీసిన కూలీ. నాకు నీడపట్టున పని దొరికిందని మా ఇంట్లో అందరికీ సంబరం.

అసలు పని వేరు. ఏ వస్తువు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆఫీసుకి ఒకడుండాలి. ఆఫీసర్లు మూడేళ్లకోసారి మారతారు, గుమాస్తాలు సీట్లు మారతారు, అటెండరు మారడు. ఎండాకాలం కాలవ కట్టేస్తే ఏ తూము కింద ఎంత సిమెంటు పోశారో, ఏ శివారు ఊరి రైతులు ఎప్పుడు అర్జీ పెట్టారో, ఆ కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఆఫీసరుకి తెలియదు. నాకు తెలుసు. ఆ తెలియడమే నా ఉద్యోగం. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

నేను నా ఉద్యోగం ఏంటనుకున్నానంటే, నవ్వించడం. ఆఫీసరు చిరాగ్గా ఉంటే గుమాస్తాలు నన్నే లోపలికి తోసేవారు. ఒక జోకు వేసొస్తే మిగతా సంతకాలన్నీ గబగబా పడిపోయేవి. హెడ్ గుమాస్తా కామేశ్వరరావు గారు పంచాంగం చూడకుండా తుమ్మరు కూడా. ఆయనకి వర్జ్యం గారని పేరు పెట్టాను. ఆయన ముందే పిలిచేవాణ్ణి. ఆయనా పలికేవారు.

ఒకసారి శివారు ఊళ్ల నుంచి ఒక రైతు వచ్చాడు. నీళ్లందక ఎండిపోయిన నారు కట్ట చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరికి చెప్పాలో తెలియక నాకే చూపించాడు. "గడ్డి పట్టుకొచ్చారేంటండి, మా ఆఫీసరు గారు అన్నమే తింటారు" అన్నాను. హాలంతా నవ్వింది. పాపం ఆ రైతు కూడా నవ్వాడు. నవ్వి, ఆ కట్ట నా బల్ల మీద పెట్టి, అర్జీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఊడుస్తూ ఆ నారు నేనే బయట పారేశాను. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. జోకు ఎప్పుడూ బల్లకి ఇవతల ఉన్నవాడికే పనికొస్తుంది, అవతల నిలబడ్డవాడికి పనికిరాదు.

నూకరాజు సంతకం

మా పాత ఆఫీసు లాకుల పక్కనే ఉండేది. లాకులంటే కాలవలో నీళ్లు ఆపి వదిలే తలుపులు. దొరల కాలంలో కట్టిన బంగళా, ఎత్తయిన అరుగులు. పైకప్పు మాత్రం వానాకాలం మాతో పాటు డ్యూటీ చేసేది, లోపలంతా కారేది.

ఆ లాకుల మీద నూకరాజు లస్కరు. లస్కరంటే తలుపులు ఎత్తి దించే మనిషి. అతనికి ఇంకో పని కూడా ఉండేది. కాలవ గోడకి అడుగులు, అంగుళాలు చెక్కిన రాయి ఉంటుంది. పొద్దున్న ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఆ రాయి దగ్గరికి దిగి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి, గేజి పుస్తకంలో రాయాలి. పక్కన తన గుర్తు పెట్టాలి. వాన వచ్చినా వరద వచ్చినా ఇంట్లో చావొచ్చినా ఆ రెండు గీతలు పడాలి.

చేరిన కొత్తలో నూకరాజు వేలిముద్ర వేసేవాడు. వాళ్లది ఏటి ఒడ్డున వలల మీద బతికే ఇల్లు, బడి మొహం చూడలేదు. అంకెలు మాత్రం వచ్చు. ఇంకు ప్యాడు ఎండిపోయినప్పుడల్లా అతను బొటనవేలు గాల్లో పట్టుకుని నా కోసం ఆఫీసంతా తిరిగేవాడు. ఆ బాధ పడలేక నేనే సంతకం నేర్పాను. లాకుల గోడ మీద సుద్దముక్కతో రాయించాను. నలభై రోజులు పట్టింది. ఏడో తరగతి తప్పినవాడి దగ్గర చదువుకుని పాసైన ఒకే ఒక్క మనిషి నూకరాజు.

మొదటిసారి పుస్తకంలో సంతకం పెట్టిన రోజు అది మూడు గళ్లు ఆక్రమించింది. కామేశ్వరరావు గారు చూసి, రేపు సాయంత్రం దాకా డ్యూటీ ఇవాళే చేసేశావేంటయ్యా అన్నారు. నూకరాజు సిగ్గుపడిపోయాడు. ఏడాది తిరిగేసరికి ఆ సంతకం ఒక్క గడిలో ఒదిగింది. కింద చిన్న గీత కూడా వచ్చి చేరింది, ఆఫీసర్ల సంతకాలకుంటుందే, అలాంటిది.

ఏడాది అయ్యాక పాత పుస్తకాల్ని అతనే కట్టగా కట్టి నాకు అప్పజెప్పేవాడు. మా రికార్డు రూములో మూటలన్నీ ఎర్ర గుడ్డలో ఉంటాయి. నూకరాజు గుడ్డ వాడడు. వలలు అల్లే తెల్ల నైలాను తాడుతో, వల ముడి వేసి తెచ్చేవాడు. ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. బ్లేడు పెట్టి కోసేవాణ్ణి. ఇది ఫైలనుకున్నావా, పండుగప్ప చేపనుకున్నావా, తప్పించుకుపోతుందని కడుతున్నావా అని తిట్టేవాణ్ణి. ఆయ్ అని నవ్వి, మరుసటి ఏడాది కూడా అలాగే కట్టి తెచ్చేవాడు.

నూకరాజు పర్మనెంటు కాదు, రోజు కూలీ. ఆ రోజుల్లో రోజు కూలీల్ని ఎక్కువ కాలం ఒకే పేరు మీద చూపించకూడదని పైవాళ్ల భయం. అందుకని హాజరు పట్టీలో మూడు నెలలకోసారి పేరు మార్చేవారు. మూడు నెలలు నూకరాజు, తర్వాత మూడు నెలలు అతని భార్య మంగ, ఆ తర్వాత వాళ్ల మావయ్య. ఆ మావయ్య పోయి అప్పటికి చాలాకాలమైంది. పోయాక అంత శ్రద్ధగా డ్యూటీ చేసిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. మేమందరం నవ్వుకునేవాళ్లం. నూకరాజు తొమ్మిదేళ్లు అలా పని చేశాడు. హాజరు పట్టీల ప్రకారం మూడు నెలలకి మించి ఎప్పుడూ లేడు. అతను తొమ్మిదేళ్లూ ఉన్నాడని చెప్పే కాగితం లోకంలో ఒక్కటే. గేజి పుస్తకం.

మారిన రోజు

తొంభైల నడిమధ్యలో, బంగళా కప్పు మరీ కూలేలా ఉందని, ఊళ్లో ఒక అద్దె భవనంలోకి మారమన్నారు. సరిగ్గా ఊడ్పుల రోజుల్లో, వానలో.

అప్పటి డి.ఇ. గారు సుబ్బారాయుడు గారని, మంచి మనిషే. మాకందరికీ పెద్దాఫీసరు. జోకు చెప్తే పొట్ట పట్టుకుని నవ్వేవారు. అలాంటి ఆఫీసరు దొరికితే నాలాంటివాడు చెడిపోతాడు. ఆయన నవ్వితే ఉత్తర్వు మీద సంతకం పడినట్టే లెక్క నాకు.

మారే ముందు మూడు రోజులు ఆఫీసంతా పెళ్లివారిల్లులా ఉంది. బల్లల కింద నుంచి ఏళ్ల తరబడి కనపడనివన్నీ బయటికొచ్చాయి. ఆఫీసు జీపు డ్రైవరు "అతి ముఖ్యం, తడవరాదు" అని చీటీ అంటించిన ఇనప పెట్టె ఒకటి ఎవర్నీ తెరవనివ్వలేదు. నలుగురం ఎత్తితే లోపల గలగలమంది. యానాం సరుకు, మందు సీసాలు. ఫైళ్లు మాట్లాడుతున్నాయండీ అని డి.ఇ. గారికి చెప్పాను. ఎప్పుడూ నడవని గోడ గడియారాన్ని మాత్రం ఒక గుమాస్తా పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రిక్షాలో తీసుకెళ్లాడు. ఎందుకండీ అంటే, మన ఆఫీసు టైము అదే కదా అన్నాడు. ఆ మాట నాకు రానందుకు ఆ రోజంతా కుళ్లుకున్నాను.

కొత్త భవనంలో పాలు పొంగించాలి, వర్జ్యం రాకముందే మొదటి బండి గుమ్మంలోకి వెళ్లాలని కామేశ్వరరావు గారు పట్టుబట్టారు. ఒక రైతు ట్రాక్టరు అడిగి తెచ్చాం. బీరువాలు, బల్లలు, రికార్డు మూటలు వెనక ట్రక్కు నిండా వేశాం. పైన నూకరాజు కూర్చుని తాళ్లు పట్టుకున్నాడు. కాలవ గట్టు మీద రెండు ఫర్లాంగులు వెళ్లిందో లేదో, పెద్ద చక్రం బురదలో దిగబడింది. తిరుగుతోంది గాని కదలదు. బురద లేచి మా మొహాల మీద పడుతోంది. రాళ్లు వేద్దామంటే గట్టు మీద రాయన్నది లేదు. గడ్డి వేద్దామంటే తడిసి జారిపోతోంది. డి.ఇ. గారు గొడుగు కింద, వర్జ్యం గారు వాచీ పట్టుకుని. ఇంకో పావుగంటే ఉందయ్యా, ఇంకో పది నిమిషాలే అంటున్నారు.

నాకు ఆలోచన వచ్చింది. అందరూ నా వైపు చూస్తున్నప్పుడు నాకు ఆలోచనలు వస్తాయి. "నూకరాజూ, ఆ పాత గేజి పుస్తకాల కట్టలు ఇలా అందించు" అన్నాను. దళసరి అట్టలు, లావు పుస్తకాలు. చక్రానికి పట్టు దొరుకుతుంది.

నూకరాజు ఒక కట్ట ఎత్తాడు. అందించలేదు. చేతిలో పట్టుకుని, వానలో కళ్లు చికిలించి నా వైపు చూశాడు.

"సత్తిబాబు గారూ, ఇవి మన లాకు పుస్తకాలండి."

"తెలుసులేవోయ్. ఇన్నేళ్లు నీళ్లు కొలిచాయి, ఒక్కపూట తాగితే ఏం పోతుంది?"

డి.ఇ. గారికి నవ్వు ఆగలేదు. గొడుగు ఊగిపోయి ఆయన భుజం తడిసింది. కామేశ్వరరావు గారు వాచీ మీంచి తలెత్తకుండానే నవ్వారు. ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. నూకరాజు అందరి మొహాలూ చూసి, తనూ నవ్వి, కట్ట అందించాడు. తర్వాత ఇంకోటి. ఎనిమిది కట్టలు. ఇంకా రాస్తున్న ఆ ఏడాది పుస్తకం తప్ప మిగతావన్నీ. నేను ఒక్కొక్కటే చక్రం కింద పరిచాను. తెల్ల నైలాను తాళ్లు బురదలోకి దిగడం నాకు గుర్తుంది. నూకరాజే కిందకి దిగి అందరితో పాటు ట్రాక్టరుకి భుజం పెట్టాడు. ఒక్క ఊపున బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వర్జ్యానికి రెండు నిమిషాల ముందు బండి గుమ్మంలోకి వెళ్లింది.

మర్నాడు వాన తెరిపిచ్చాక వెళ్లి చూశాను. గట్టు అక్కడ పుస్తకాలతో సహా కోసుకుపోయి కాలవలో కలిసింది.

నేను వందసార్లు చెప్పిన కథ ఇంతవరకే.

పదకొండు రోజులు

నెలా నెలన్నర అయ్యిందేమో. రోజు కూలీలుగా ఐదేళ్లు నిండినవాళ్లని పర్మనెంటు చేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఐదేళ్లు పని చేసినట్టు సొంత పేరు మీద రుజువుండాలి. ఈలోగా సుబ్బారాయుడు గారు బదిలీ అయ్యి పోలవరం వైపు వెళ్లిపోయారు. కొత్త డి.ఇ. గారు ఇంకా మా పేర్లు నేర్చుకుంటున్నారు.

నూకరాజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వెనకాల మంగ. కామేశ్వరరావు గారు కాగితం చదివి వినిపించి, హాజరు పట్టీలు పనికిరావయ్యా, వాటిల్లో మీ మావయ్యకే నీకంటే ఎక్కువ సర్వీసుంది అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఆయనే, గేజి పుస్తకాలున్నాయిగా, రోజుకి రెండు సంతకాలు, అంతకంటే రుజువేం కావాలి అన్నారు. మంగ మొహం విచ్చుకుంది. కామేశ్వరరావు గారు నా వైపు తిరిగి, తొమ్మిదేళ్లవీ తీయవయ్యా సత్తిబాబూ అన్నారు. ఆయనకి గుర్తులేదు. ఆ రోజు ఆయన వాచీ చూస్తున్నారు.

నాకు గుర్తుంది. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోటి దాకా వచ్చింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "మారినప్పుడు మూటలు కలిసిపోయాయండి, వెతుకుతాను."

పదకొండు రోజులు వెతికాను. నటించానని రాయాలి. రికార్డు రూములో మూటలు దించడం, దుమ్ము దులపడం, విప్పడం, మళ్లీ కట్టడం. పొద్దున్న ఆరింటి గేజి రాసేసి నూకరాజు వచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చునేవాడు. మంగ ఫ్లాస్కులో టీ పంపించేది. అతను గ్లాసులో పోసి నాకందించేవాడు. దుమ్ములో పని చేస్తున్నారండి, తాగండి అనేవాడు. నేను తాగేవాణ్ణి. మధ్యలో ఎవరైనా వస్తే నా నోరు ఊరుకోదు కదా, మా నూకరాజు సంతకాలు సంతకి వెళ్లాయి, సాయంత్రానికి వచ్చేస్తాయి అనేవాణ్ణి. అందరితో పాటు అతనూ నవ్వేవాడు.

పదో రోజు సాయంత్రం కామేశ్వరరావు గారు నన్ను ఒంటరిగా పిలిచారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, సత్తిబాబూ, ఆ రోజు ట్రాక్టరు కింద వేసినవి ఏ పుస్తకాలు అని అడిగారు. నేను తలొంచుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. తర్వాత మెల్లిగా చెప్పారు.

"రెండు రకాలుగా రాయొచ్చు. ఆఫీసు మారినప్పుడు ఫలానా పుస్తకాలు నా చేతిలో పాడైపోయాయని నువ్వు రాసిస్తే, ఇతను ఇన్నేళ్లు పని చెయ్యడం మేం ఎరుగుదుమని నేనూ సంతకం పెడతాను, ఆ పాత డి.ఇ. గారి చేతా పెట్టిస్తాను. అతని పని జరగొచ్చు. నీకు మెమో వస్తుంది, సస్పెన్షనూ రావచ్చు. లేదా వెతికాను, దొరకలేదని రాయి. ఎవరికీ ఏమీ రాదు."

నూకరాజుకి కూడా, అని ఆయన అనలేదు. నేనూ అడగలేదు.

ఇంటికెళ్లి అన్నం తినలేదు. మా ఆవిడ అడిగితే కడుపులో బాలేదన్నాను. ఏడో తరగతి చదివి నీడపట్టున కూర్చున్నవాడిని, మళ్లీ పూడికలోకి దింపేస్తారేమోనని భయం. ఇప్పుడు ఎంత తూచి చూసినా ఆ భయం పెద్దది కాదు. ఒక మెమో, ఆర్నెల్లు తలొంచుకోవడం. అంతే అయ్యుండేది. అప్పుడు అది గోదావరి అంత కనపడింది.

పదకొండో రోజు కాగితం తీసుకున్నాను. వెతికాను, దొరకలేదు. కింద సంతకం. కింద గీత పెట్టలేదు. నూకరాజు గుమ్మంలోంచి చూస్తున్నాడు. రాయడం అయ్యాక లేచి, గ్లాసు కడిగి, ఫ్లాస్కు మూత పెట్టుకుని, వస్తానండీ అని వెళ్లాడు.

ఆ తర్వాత

చుట్టుపక్కల లాకుల మీద లస్కర్లు ఒక్కొక్కరే పర్మనెంటు అయ్యారు. నూకరాజు ఇంకో రెండేళ్లు రోజు కూలీగానే లాకులెత్తాడు. ఆ పైన రోజు కూలీల్ని తీసేశారు. కోటిపల్లి అవతల రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్లాడు. మంగ చేపల గంప ఎత్తుకుని మా వీధిలోకి వచ్చేది. గంప దించి, బాగున్నారా అండీ అని అడిగేది. మా ఆవిడ బేరం ఆడబోతే నేనే అడ్డం పడేవాణ్ణి. చేపల మీద మీకు ఇంత పిచ్చెప్పుడు పట్టిందని మా ఆవిడ నవ్వేది. నాకు చేప ముల్లంటే చిన్నప్పట్నుంచీ భయం.

ట్రాక్టరు కథ మాత్రం ఆగలేదు. నేను ఆపలేదు. అది చెప్తున్నంతసేపూ నేను మంచి మనిషిలానే ఉండేవాణ్ణి. ఒకసారి కొత్త డి.ఇ. గారి టీ పార్టీలో చెప్తుంటే నూకరాజు తలుపు దగ్గర ఉన్నాడు, లాకుల మీంచి ఏదో కాగితం తెచ్చాడు. అతన్ని చూసి కూడా నేను ఆపలేదు. ఒక్కపూట తాగితే ఏం పోతుంది అన్న చోట అందరూ నవ్వారు. నూకరాజూ నవ్వాడు. సరిగ్గా ఆ రోజు వానలో నవ్వినట్టే, అందరి మొహాలూ చూశాక.

దుర్గాభవాని ఫోను వచ్చిన మూడో రోజున బస్సెక్కాను. చెరువుల పని ఓపిక లేక మానేశాడని, ఏటి ఒడ్డున వాళ్ల ఊళ్లోనే ఉంటున్నాడని మంగ ఎప్పుడో చెప్పింది. ఇంటి ముందు పందిట్లో కూర్చుని వల బాగు చేస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేవబోతే నేనే కూర్చోబెట్టాను. మంగ ఇంట్లో లేదు, గంప ఎత్తుకుని వెళ్లింది. ఈ వయసులో.

దారి పొడుగునా ఏ జోకుతో మొదలెట్టాలా అని చూసుకున్నాను. ఏదీ రాలేదు. అందుకని సూటిగా చెప్పేశాను. ఆ పుస్తకాలు ట్రాక్టరు కింద వేసినవేనని వెతకడానికి ముందే నాకు తెలుసు నూకరాజూ, తెలిసే దొరకలేదని రాశాను అన్నాను.

అతని చేతులు ఆగలేదు. ఒక ముడి వేసి, లాగి, పళ్లతో తాడు కొరికాడు.

"నాకు మొదటి రోజే తెలుసండి" అన్నాడు. "మీరు ఆ పదకొండు రోజులూ ఎర్ర గుడ్డ మూటలే విప్పారండి. నా కట్టలు నైలాను తాడుతో ఉంటాయని మీకు తెలీదా? నిజంగా వెతికే మనిషి గుడ్డ మూట విప్పుతాడాండీ?"

మరి అన్ని రోజులు గుమ్మంలో ఎందుకు కూర్చున్నావు అని అడిగాను.

"మీరు చెప్తారని కూర్చున్నానండి. మీరు నోరు విప్పితే, అందించింది నేనే కదండీ, నా తప్పు కూడా రాసుకోండి అందామనుకున్నాను. ఇద్దరం కలిసి హెడ్ గుమాస్తా గారి దగ్గరికి వెళ్దామనుకున్నాను. పదకొండో రోజు మీరు కాగితం రాసేశారు."

అంతే అన్నాడు. మళ్లీ వల మీదికి వంగాడు. వచ్చేటప్పుడు లేచి బస్సు దాకా వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. రేవు దగ్గర నీళ్లలో ఒక గుంజ పాతి ఉంది. దాని పక్కనుంచి వెళ్తూ ఆగి, ఎక్కడిదాకా తడిసిందో చూసి, నిన్నటి మీద నాలుగంగుళాలు తగ్గిందండి అన్నాడు. ఎవరూ అడగలేదు.

దుర్గాభవానికి

అమ్మా, ఫోను కట్టయింది నా వల్లే. నువ్వు అడిగినదానికి జవాబు ఇదీ.

పాత గేజి పుస్తకాలు పారెయ్యొద్దు. ఒక్కొక్కటీ తెరిచి, ఎవరి సంతకం ఉందో చూసి, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుని, ఆ తర్వాత మూట కట్టు. మూట ఎత్తే మనిషి ఒక్క క్షణం ఆగి నీ మొహంలోకి చూస్తే, పని ఆపి అతను చెప్పేది విను. వర్జ్యం వస్తే రానీ. నీ చేతిలో ఏదైనా పాడైతే ఆ రోజే, ఆ పూటే, నా చేతిలో పాడైందని రాసి సంతకం పెట్టు. మెమో వస్తే నాకు ఫోను చెయ్యి, నేనొచ్చి నీ పక్కన నిలబడతాను. ఆ మాత్రం ఓపిక నాకింకా ఉంది.

సామాను ఎక్కించే రోజు నేను రాను. ఈ కాగితాలు పంపుతున్నాను, నువ్వే పైకి చదివి వినిపించు. ట్రాక్టరు బురదలోంచి బయటికొచ్చే చోట అందరూ నవ్వుతారు. నవ్వనీ. నవ్వు తగ్గేదాకా ఆగు. నేను అక్కడే ఆపేసేవాణ్ణి. నువ్వు మాత్రం పేజీ తిప్పు.